యూనివర్సిటీ వస్తే ఊరికి ఎంత?

ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో కుప్పానికి వచ్చింది. ఇలాంటి సంస్థ వస్తే ఊరు బాగుపడుతుందంటారు. ఎంత బాగుపడుతుందో ఊహకు అందే అంకెలతో లెక్క వేసి చూద్దాం.

బయటి ఊళ్ల నుంచి వెయ్యి మంది విద్యార్థులు వచ్చారనుకోండి. గది అద్దె, మెస్, టీ, జిరాక్సు కలిపి ఒక్కొక్కరు నెలకు 6,000 రూపాయలు ఖర్చుపెడితే, సెలవులు పోను పది నెలలకు 6 కోట్లు.

ఆ డబ్బు చేతులు మారుతుంది. మెస్‌లో కట్టిన వందలో 50 రూపాయలు ఊళ్లోనే కూరగాయలకు, వంటమనిషి జీతానికి పోతాయనుకుందాం. వాళ్లు అందులో సగం ఊళ్లోని అంగళ్లలో పెడతారు. 100, 50, 25... ఇలా కలుపుకుంటూ పోతే 200 దగ్గర ఆగుతుంది. బయటి నుంచి వచ్చిన రూపాయి ఊళ్లో ఎన్ని రూపాయల వ్యాపారం చేస్తుందో చెప్పే ఈ అంకెను గుణకం అంటారు. ఇక్కడ గుణకం 2. ఆరు కోట్లకు పన్నెండు కోట్ల వ్యాపారం.

సరుకంతా బెంగళూరు నుంచే దిగితే? వందలో 20 రూపాయలే ఊళ్లో నిలిస్తే గుణకం 1.25. పన్నెండు కోట్లు ఏడున్నరకు తగ్గుతాయి. మెస్‌లో సంగటికి రాగులు, చట్నీకి టమాటా ఎక్కడ కొంటున్నారన్నది అందుకే చిన్న విషయం కాదు.

ఊరి పిల్లలే చదివితే? వాళ్ల తిండి ఖర్చు ఎప్పుడూ ఊళ్లోదే, కొత్త డబ్బు కాదు. తిరుపతికో బెంగళూరుకో పంపాల్సిన హాస్టల్ ఫీజు మిగిలితే మాత్రం అది లాభమే.

అద్దెలు పెరగవా? పెరగొచ్చు. నెలకు 500 పెరిగితే ఏడాదికి 6,000. ఇల్లున్నవారికి ఆదాయం, అద్దెకున్నవారికి భారం.

ఇదంతా ఏ కాలేజీ వచ్చినా జరిగేదే. సెలవులిస్తే మెస్ పొయ్యి ఆరిపోతుంది. యూనివర్సిటీ అంటే పరిశోధన కూడా. దాని ఫలితం అలా ఆరదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ రోగుల ఆసుపత్రి మొదలైంది. రోగులకు వైద్యంతో పాటు బీసీజీ టీకాపై అధ్యయనాలూ సాగడంతో మదనపల్లె పేరు ప్రపంచ వైద్య పత్రికలకెక్కింది. మూడడుగుల పుంగనూరు ఆవు కనుమరుగవుతున్న రోజుల్లో పలమనేరు పశు పరిశోధన కేంద్రం ఆ జాతిని నిలబెట్టే పని చేసింది. ఇప్పుడు ఆ ఆవు ధర లక్షల్లో పలుకుతోంది.

కాబట్టి మీ ఊరికి యూనివర్సిటీ వస్తోందంటే ఎంతమంది విద్యార్థులొస్తారని అడిగి ఊరుకోకండి. మన పంట మీద, మన పశువు మీద ఏం పరిశోధన చేస్తారో కూడా అడగండి.