ఖాళీ రోడ్డే ప్రమాదకరం

2019 ఆగస్టు 27 రాత్రి, ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌షైర్ పల్లెల మధ్య ఉన్న ఆర్‌ఏఎఫ్ క్రౌటన్ స్థావరం నుంచి ఒక కారు బయటికొచ్చింది. పేరుకు బ్రిటిష్ వైమానిక దళానిదే అయినా అక్కడ ఉండేది అమెరికన్లు. బ్రిటన్‌లో మనలాగే ఎడమవైపు నడపాలి. ఆ కారు మాత్రం అమెరికాలో మాదిరిగా కుడివైపున కొన్ని వందల మీటర్లు వెళ్లి, ఎదురుగా మోటార్‌సైకిల్ మీద వస్తున్న 19 ఏళ్ల యువకుడిని ఢీకొట్టింది. అతడు చనిపోయాడు. స్థావర ఉద్యోగి భార్య అయిన ఆ డ్రైవరు దౌత్యరక్షణతో దేశం దాటడం, 2022 డిసెంబరులో లండన్ కోర్టు ఆమెకు 8 నెలల జైలుశిక్ష వేసి అమలు నిలిపివేయడం రెండు ప్రభుత్వాల మధ్య పెద్ద వివాదమయ్యాయి. ఆ గొడవలో అసలు ప్రశ్న మరుగున పడింది. ఏళ్ల తరబడి కారు నడిపిన మనిషి అన్ని వందల మీటర్లు తప్పు వైపున వెళ్తున్నా ఎందుకు గమనించలేదు?

విదేశీ స్థావరాల దగ్గర ప్రమాదం అనగానే కుర్రతనం, మద్యం, వేగం అంటారు. అందులో నిజం లేకపోలేదు. అమెరికాలో 21 ఏళ్లు నిండితేగానీ మద్యం అమ్మరు; బ్రిటన్‌లో 18 చాలు. గల్ఫ్ యుద్ధానికి వెళ్లొచ్చిన అమెరికన్ సైనికుల మరణాలను లెక్కించి 1996లో వెలువడిన అధ్యయనంలో, యుద్ధానికి వెళ్లని తోటి సైనికులకంటే వారిలో జబ్బుల మరణాలు ఎక్కువగా లేవు. ఎక్కువగా కనిపించినవి ప్రమాదాలు, ముఖ్యంగా రోడ్డు ప్రమాదాలు. కాబట్టి సైనికుడి దుడుకుతనాన్ని కొట్టిపారేయలేం. కానీ క్రౌటన్ కారు నడిపింది నలభై దాటిన తల్లి. పిల్లలు కూడా అదే కారులో ఉన్నారు. తాగుడు ఆ కేసులో ఆరోపణే కాదు. దుడుకుతనంతో ఆ ప్రమాదం అర్థం కాదు.

దాన్ని విప్పి చెప్పేది అలవాటు. డొనాల్డ్ నార్మన్, జేమ్స్ రీజన్ వంటి మనోవిజ్ఞానులు తెలియక చేసే తప్పునూ, తెలిసీ చెయ్యి జారే పొరపాటునూ వేరుచేసి చూపారు. రెండోరకం పొరపాటు పనిలో కొత్తవాడికన్నా ఆరితేరినవాడికే ఎక్కువ. పని దానంతటదే సాగిపోతున్నప్పుడు మనసు మరోచోటికి పోతుంది, ఆ సందులో పాత అలవాటు దూరుతుంది. లండన్ ట్రాఫిక్‌లో అమెరికన్‌కు ముందు కారే దారి చూపిస్తుంది, ఎదురొచ్చే బస్సే హెచ్చరిక. రాత్రి పల్లెరోడ్డు మీద ఆ రెండూ ఉండవు. గేటు దాటాక, పెట్రోలు బంకులోంచి తిరిగాక, పార్కింగ్ నుంచి బయటపడ్డాక రోడ్డు ఖాళీగా ఉంటే తప్పును పట్టిచ్చే సాక్షే లేడు. కారు నడిపేవారికే కాదు, నడిచేవారికీ ఇదే గతి. 1931 డిసెంబరులో న్యూయార్క్‌లో రోడ్డు దాటుతున్న విన్‌స్టన్ చర్చిల్ ఇంగ్లండ్ అలవాటు కొద్దీ తప్పు దిక్కు చూసి, కారు ఢీకొని గాయాలతో బతికాడు. స్వీడన్ అనుభవం ఇంకా విడ్డూరం. 1967 సెప్టెంబరు 3న దేశం మొత్తం ఎడమ నుంచి కుడికి మారితే ప్రమాదాలు పెరగకపోగా తగ్గాయి. వేగపరిమితి తగ్గించడం కొంత కారణమే. అయితే జనం బెరుకుగా, కళ్లు విప్పార్చుకుని నడపడం కూడా కారణమని అప్పటి నుంచీ చెబుతున్నారు. బెరుకు పోయేకొద్దీ, రెండేళ్లలోపే ప్రమాదాలు పాత స్థాయికి చేరాయి.

పల్లె మీద మరో నేరం కూడా మోపాలి. బ్రిటన్‌లో రోడ్డు మరణాల్లో సగానికి పైగా గ్రామీణ రోడ్ల మీదే జరుగుతాయి. వేగంగా దూసుకెళ్లే మోటార్‌వేల వాటా చాలా తక్కువ. మధ్య విభజన లేని రోడ్డు మీద కూడా చట్టం గంటకు 60 మైళ్లు, అంటే సుమారు 96 కిలోమీటర్లు ఒప్పుకుంటుంది. సఫోక్‌లో అమెరికన్లుండే లేకెన్‌హీత్, మిల్డెన్‌హాల్ స్థావరాలున్నది ఇలాంటి చోటే. చదును నేల రన్‌వేకు అనుకూలం, కానీ ఇంటికీ పబ్బుకీ వెళ్లాలంటే కంచె చెట్ల మలుపులు, అంచున కాలువలు ఉన్న దారులు. బస్సులు తక్కువ కాబట్టి అందరూ కారెక్కుతారు. 'ఇది ఎక్కువ దూరం తిరగడం వల్ల వచ్చే లెక్కే కదా' అంటే, కొంతవరకు అవును. అయితే తిరిగిన ప్రతి మైలులోనూ అపాయం ఎక్కువ కావడం ఆ లెక్కకు అందదు.

మరి శిక్షణ? 1951 నాటో దళాల ఒప్పందం ప్రకారం, ఆతిథ్య దేశం వచ్చిన సైనికుడి లైసెన్సును డ్రైవింగ్ పరీక్ష లేకుండా ఒప్పుకోవాలి, లేదా పరీక్ష లేకుండానే తనది ఇవ్వాలి. క్రౌటన్ మరణంపై 2024లో విచారణ జరిపిన కరోనర్ కూడా అక్కడి శిక్షణ చాలలేదని తప్పుపట్టారు. సబబే. కానీ దిగిన వారంలో చెప్పే తరగతి జ్ఞానాన్నిస్తుంది. చెయ్యి జారేది జ్ఞానం లేక కాదు. నాకు అంతకన్నా పనికొచ్చేదిగా కనిపించేది కారే. ఎడమవైపు నడిపే దేశంలో స్టీరింగ్ కుడివైపున, అంటే డ్రైవరు ఎప్పుడూ రోడ్డు నడిగీత పక్కన ఉంటాడు. వైపు తప్పితే తాను రోడ్డు అంచుకు చేరినట్టు ఒంటికే తెలుస్తుంది. అమెరికా నుంచి తెచ్చుకున్న ఎడమ స్టీరింగ్ కారులో ఇది తలకిందులవుతుంది. సరైన వైపున ఉంటే అంచు పక్కన, తప్పు వైపున ఉంటేనే ఎప్పటిలా నడిగీత పక్కన. అయినా ఆ కారును ఓడ మీద చేర్చే ఖర్చు అమెరికా ప్రభుత్వమే పెట్టుకుంటోంది.