నలికిరి

నలికిరి లేదా నలికండ్లపాము సిన్సిడే కుటుంబానికి చెందిన సరీసృపము. పేరులో పాము ఉన్నప్పటికీ ఇది బల్లుల వర్గంలోనిది. ఈ కుటుంబంలో ప్రపంచవ్యాప్తంగా 1,700కు పైగా జాతులున్నాయి. ఇవి అడవులు, తోటలు, ఇసుక ఎడారులు మొదలగు ప్రదేశాలలో జీవిస్తాయి.

శరీర లక్షణాలు

వీని శరీరం మెరిసే పొలుసులచే కప్పబడి ఉంటుంది. పొలుసుల అడుగున చిన్న ఎముక పలకలుంటాయి. మెడ స్పష్టంగా కనిపించదు. కాళ్ళు పొట్టివి, కొన్ని జాతులలో అవి పూర్తిగా లోపించాయి. శత్రువు పట్టుకొన్నప్పుడు చాలా జాతులు తోకను వదలి పారిపోతాయి. తోక మరల పెరుగుతుంది.

ఎడారిలో అనుకూలనాలు

సహారా, అరేబియా ఎడారులలో నివసించే ఇసుకచేప అను నలికిరి దీనికి మంచి ఉదాహరణ.

* ముట్టె ఉలి వలె ఉండుటచే ఇసుకలోనికి సులభంగా దూరుతుంది.
* క్రింది దవడ పై దవడ లోపలికి ఇమిడి ఉండుటచే నోటిలోనికి ఇసుక పోదు.
* నునుపైన పొలుసులు ఇసుక రాపిడిని తగ్గిస్తాయి.
* మలినాలను యూరిక్ ఆమ్లంగా విసర్జించుటచే నీరు ఆదా అవుతుంది. ఈ లక్షణం ఇతర బల్లులలో కూడా ఉన్నది.

ఇసుక పైభాగం మండుచున్నప్పుడు కూడా లోపలి పొరలు చల్లగా ఉంటాయి. కనుక ఇసుకలో దాగుట ఎండ నుండి, శత్రువుల నుండి కూడా రక్షణయే. ఇసుక లోపల ఇది కాళ్ళను దేహానికి ఆనించుకొని, పాము వలె మెలికలు తిరుగుతూ ఈదుతుందని 2009లో ఎక్స్-రే చిత్రాల ద్వారా తెలిసింది. మన దేశంలోని థార్ ఎడారిలో మూడేసి వ్రేళ్ళు గల మరొక ఇసుక నలికిరి ఉన్నది.

నల్లమల పరిసరాలలో

నంద్యాల జిల్లాలోని మహానంది నల్లమల కొండల పాదభాగాన ఉన్నది. అక్కడి కోనేళ్ళలో ఏడాది పొడవునా నీరున్నా, నల్లమలలో అధికభాగం వేసవిలో ఆకురాల్చే అడవియే. ఇటువంటి అడవులలో ఇసుకకు బదులు రాలిన ఆకులు, రాళ్ళ సందులు నలికిరులకు చల్లని ఆశ్రయమిస్తాయి. నల్లమలకు ఉత్తరాన కృష్ణాతీరంలోని నాగార్జునకొండ పేరుతో ఒక జాతిని 1969లో ఆర్.సి.శర్మ వర్ణించాడు.

అపోహ

పేరును, నడకను చూచి వీనిని విషజంతువులని భయపడి చంపుట కద్దు. నలికిరులలో విషముగల జాతి ఒక్కటి కూడా లేదు. మన ప్రాంతపు నలికిరులు మిడతలు, కీచురాళ్ళు వంటి పురుగులను తిని రైతుకు మేలు చేస్తాయి. కావున ఇంటి పెరటిలో కనిపించిన నలికిరిని దాని దారిన పోనిచ్చుట మంచిది.