నూకలతో నడిచే మోటారు

గోదావరి మండలంలో వడ్లు ఆడించే మరలో వృథా అయ్యేదంటూ ఏదీ లేదు. బియ్యం మనుషుల పాలు. తవుడు నుంచి నూనె తీస్తారు. ఊక బాయిలరుకు ఇంధనం. నూకలు కోళ్లకూ, పశువులకూ మేత. ఈ నూకలకు ఇప్పుడొక కొత్త గిరాకీ వచ్చింది. అది మోటారు కారు!

రాజమహేంద్రవరానికి ఉత్తరాన, గోకవరం మండలంలోని గుమ్మళ్లదొడ్డి వద్ద 2022 నవంబరులో ఒక ఇథనాలు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. నూకలు, మొక్కజొన్న, తినడానికి పనికిరాని ధాన్యం దీనికి ముడిసరుకులు. రోజుకు 2 లక్షల లీటర్లు తయారు చేయాలన్నది సంకల్పం.

బియ్యం ఇంధనంగా మారేది ఎట్లా? అన్నపు ముద్దను మింగక కొంతసేపు నమిలి చూడండి, తియ్యదనం తెలుస్తుంది. లాలాజలంలోని ఎంజైము గంజిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టడమే దీనికి కారణం. కర్మాగారంలోనూ జరిగేది ఇదే. పిండి చేసి ఉడికించిన నూకలపై ఎంజైములు పనిచేసి గ్లూకోజును ఇస్తాయి. ఆ గ్లూకోజును ఈస్టు అనే సూక్ష్మజీవి ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను మారుస్తుంది. లెక్క ప్రకారం 180 గ్రాముల గ్లూకోజు నుంచి 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల వాయువు రావాలి. తరువాత స్వేదనం చేస్తారు. అయినా నూటికి నాలుగైదు పాళ్ల నీరు మిగిలే ఉంటుంది. దానిని తొలగించడానికి జియొలైటు అనే ఖనిజపు గుళికలను వాడతారు. వాటి సన్నని రంధ్రాలలో నీటి అణువు దూరుతుంది. అంతకంటె పెద్దదైన ఆల్కహాలు అణువు దూరలేదు.

ఇట్లు నీరు తీసిన ఇథనాలును పెట్రోలులో కలుపుతారు. నూటికి 20 పాళ్లు కలిపిన పెట్రోలు మన దేశంలో 2023 ఫిబ్రవరిలో అమ్మకానికి వచ్చింది. 2025 నాటికి ఆ పాలు దేశమంతటికీ లక్ష్యాన్ని అందుకున్నది.

ఈ మిశ్రమానికి ఇంజను ఎట్లా సరిపడాలి? ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాలుకు 9 కిలోలు చాలు. అందుచేత కొత్త కార్లలో పొగగొట్టం వద్ద ఆక్సిజనును కొలిచే సాధనం, ఆ కొలతను బట్టి ఇంధనాన్ని హెచ్చించి తగ్గించే చిన్న కంప్యూటరు ఉంటాయి. ఏ పాళ్లలో కలిపినా నడిచే కార్లు బ్రెజిలులో 2003 నుంచి అమ్ముడవుతున్నాయి.

ఇథనాలులో ఒక సుగుణం ఉన్నది. గట్టిగా అదిమినా అది వేళకు ముందే అంటుకోదు. కనుక ఇంజనులో గాలిని, ఇంధనాన్ని మరింతగా అదిమి ఎక్కువ పని రాబట్టవచ్చు. లోపమూ ఉన్నది. లీటరు ఇథనాలు ఇచ్చే వేడి, లీటరు పెట్రోలు ఇచ్చే దానిలో ఇంచుమించు మూడింట రెండు వంతులే. కనుక 20 పాళ్ల మిశ్రమంలో శక్తి నూటికి ఆరేడు పాళ్లు తగ్గుతుంది. పైగా ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది. కొన్ని రకాల రబ్బరును పాడుచేస్తుంది. పాత బండ్లవారు జాగ్రత్తపడవలసింది ఇక్కడే.

అన్నిటికంటె పెద్ద ప్రశ్న వేరొకటి. ఒక టన్ను బియ్యం నుంచి సుమారు 450 లీటర్ల ఇథనాలు వస్తుంది. 40 లీటర్ల టాంకులో ఇథనాలు 8 లీటర్లు. అదంతా బియ్యం నుంచే తీస్తే, ఒక టాంకుకు దాదాపు 18 కిలోలు పడుతుంది. ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు ఇచ్చే ధాన్యం 5 కిలోలు. అనగా ఒక టాంకు ముగ్గురి నెల గ్రాసాన్ని మించుతుంది! ప్రభుత్వ నిల్వలలోని బియ్యాన్ని ఇథనాలుకు ఇవ్వడం 2023లో ఆపి, 2024లో మళ్లీ అనుమతించడం వెనుక ఉన్న చిక్కు ఇదే. నూకలలోనూ చిక్కు లేకపోలేదు. అవి కారు పాలైతే కోళ్ల మేత ప్రియమవుతుంది. ఇథనాలు తీయగా మిగిలిన పిప్పి మాంసకృత్తులు గల దాణాగా తిరిగి వస్తుంది గనుక నష్టం కొంత తీరుతుంది.

చిక్కు విప్పే దారి వరిగడ్డిలోనే ఉండవచ్చు. గడ్డిలోని సెల్యులోజు కూడా గ్లూకోజు గొలుసే. కాని దాని ముడులు వేరు, విప్పడం కష్టం. పానిపట్టులో 2022లో వరిగడ్డి నుంచి ఇథనాలు తీసే కర్మాగారం ప్రారంభమైంది. ఆ ముడులను చవకగా విప్పగలిగిననాడు గింజ మనిషికి, మేతకు పోను మిగిలిన గడ్డి మోటారుకు చెందుతాయి.