ఆగినప్పుడు తెలిసే బరువు

బండి నేర్చుకున్న కొత్తలో నేను పడ్డది రోడ్డు మీద కాదు, పెట్రోల్ బంకులో. నా ముందు నాలుగు బండ్లున్నాయి. అవి ఒక్కొక్కటీ కదులుతుంటే నేనూ మునివేళ్ళతో నేలను తన్నుకుంటూ ముందుకు జరుగుతున్నాను. కింద ఎప్పుడో ఒలికిన ఆయిలు మీద ఎడమ కాలు జారింది. ఇంజను ఆపే ఉంది, స్పీడోమీటర్ ముల్లు సున్నా మీదే ఉంది. అయినా బండిని పట్టి ఆపడం నా వల్ల కాలేదు. పదిమంది చూస్తుండగా నేనూ బండీ తాపీగా పక్కకు ఒరిగి పడుకున్నాం.

నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. మొన్న మా మేనకోడలికి విజయవాడలో ఉద్యోగం వచ్చింది. దానిది సరిగ్గా అయిదడుగులు, బరువు 48 కిలోలు. స్కూటీ వద్దు, గేర్ల బండే కావాలని పట్టుబట్టింది. మా అన్నయ్య "మైలేజీ ఎంతిస్తుంది?" అన్నాడు. దాని తమ్ముడు "ఎంత స్పీడు పోతుంది?" అన్నాడు. షోరూమ్ కుర్రాడు దాన్ని ఎగాదిగా చూసి "మీకైతే స్కూటీ బాగుంటుంది మేడమ్" అన్నాడు. బండి ఆగాక దాన్ని మొయ్యాల్సింది ఎవరని మాత్రం ఎవరూ అడగలేదు. పొట్టిగా, సన్నగా ఉన్నవాళ్ళు మొదటి బండి కొనేముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న అదే.

కదిలే బండికి ఎత్తుతో పని లేదు

నడుస్తున్న బండి తనను తాను నిలబెట్టుకుంటుంది. అది ఏ పక్కకు ఒరిగితే ఆ పక్కకే ముందు చక్రం కాస్త తిరుగుతుంది. చక్రాలు మళ్ళీ బరువు కిందికి వచ్చి చేరతాయి. సైకిల్ తొక్కినవాళ్ళందరికీ ఒంట్లో ఉన్న విద్యే ఇది. వేగం ఉన్నంతసేపూ నడిపేవారి కండబలంతో దీనికి పెద్దగా పని ఉండదు.

స్పెయిన్ రేసరు డానీ పెడ్రోసా ఎత్తు 160 సెంటీమీటర్లకు మించదు. అంటే అయిదడుగుల మూడంగుళాల లోపే. బరువు యాభై కిలోల పైచిలుకు. మోటోజీపీలో 2016 నుంచి బండి కనీసం 157 కిలోలు ఉండాలన్నది నిబంధన. అలాంటి బండ్ల మీద ఆయన 2018లో రిటైరయ్యేలోపు ఆ పోటీల్లో 31 రేసులు గెలిచాడు. కాకపోతే ఆయన బండి పిట్‌లోకి వచ్చి ఆగితే పట్టుకోవడానికి మెకానిక్‌లు సిద్ధంగా ఉండేవారు. విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర మనకా భాగ్యం లేదు.

ఒరుగుడు లెక్క

నిటారుగా నిలబడ్డ బండిని రెండు వేళ్ళతో పట్టుకోవచ్చు. దాని బరువంతా చక్రాల మీదే ఉంటుంది. ఒరిగిన కొద్దీ ఆ బరువు మన చేతికి వస్తుంది. ఎంత వస్తుందో ఉజ్జాయింపుగా లెక్క వేద్దాం. బండి బరువంతా నేల నుంచి అర మీటరు ఎత్తున ఒక్కచోట ఉందనుకుందాం. హ్యాండిల్ మీటరు ఎత్తున ఉందనుకుందాం.

195 కిలోల రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 అయిదు డిగ్రీలు ఒరిగితే హ్యాండిల్ దగ్గర ఎనిమిదిన్నర కిలోల బలంతో ఆపాలి. చిన్న బియ్యం సంచీ పట్టుకున్నంత, పర్వాలేదు. ఇరవై డిగ్రీలు ఒరిగితే 33 కిలోలు. ముప్పై డిగ్రీలకు 49 కిలోలు. అంటే మా మేనకోడలి బరువుకన్నా ఒక కిలో ఎక్కువ. అక్కడ ఇక బండిని ఆపడమంటూ ఉండదు, వదిలేసి పక్కకు తప్పుకోవడమే. 112 కిలోల హీరో స్ప్లెండర్ ప్లస్ అయితే అదే ఇరవై డిగ్రీలకు 19 కిలోలు, ముప్పైకి 28 కిలోలు. కష్టమే కానీ అసాధ్యం కాదు.

కాలి సంగతి ఇక్కడే తేలుతుంది. అరికాలు పూర్తిగా ఆనితే బండి రెండు మూడు డిగ్రీలు ఒరిగి నిలబడుతుంది. కాలు అందకపోతే, అది నేలను అందుకునేదాకా బండి ఒరుగుతూనే ఉంటుంది. అంటే పొట్టివాళ్ళకు ఇబ్బంది రెండింతలు. ఎక్కువ ఒరిగిన బండిని, తక్కువ ఒంటి బరువుతో ఆపాలి. అందుకే సీటు ఎత్తును చూసినంత శ్రద్ధగా బండి బరువునూ చూడాలి. కాస్త ఎత్తయినా తేలికైన బండితో సర్దుకోవచ్చు. ఎత్తూ బరువూ రెండూ ఉన్నది మొదటి బండిగా పనికిరాదు.

కాగితం మీద ఎత్తు వేరు, కాలి కింద ఎత్తు వేరు

కంపెనీలు చెప్పే సీటు ఎత్తులు మిల్లీమీటర్లలో ఉంటాయి. బజాజ్ అవెంజర్ 737, రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 765, టీవీఎస్ రైడర్ 780, స్ప్లెండర్ ప్లస్ 785, రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 790, క్లాసిక్ 805, హీరో ఎక్స్‌పల్స్ 200 ఫోర్‌వీ 825. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా ఇవి కాస్త అటూ ఇటూ అవుతుంటాయి కాబట్టి కొనే రోజున మళ్ళీ చూసుకోవాలి.

మన కొలత తీసుకోవడం సులువే. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, ఒక అట్ట పుస్తకాన్ని కాళ్ళ మధ్య పైకంటా పెట్టి, దాని పై అంచు నుంచి నేలదాకా టేపుతో కొలవాలి. అయిదడుగుల మనిషికి అది 70 సెంటీమీటర్ల దరిదాపుల్లో వస్తుంది. దాన్ని 785 మిల్లీమీటర్లతో పోల్చి చూసి చాలామంది అక్కడే నీరుగారిపోతారు. తొందరపడనక్కర్లేదు, లెక్కలోకి రావాల్సినవి ఇంకా ఉన్నాయి.

మొదటిది సీటు వెడల్పు. కాలు సీటు మధ్యలోంచి నిట్టనిలువుగా కిందికి దిగదు. సీటు అంచు మీదుగా చుట్టూ తిరిగి దిగుతుంది. ముందుభాగం సన్నగా ఉన్న సీటు మీద 790 కూడా అందుతుంది. సోఫాలా పరచుకున్న సీటు మీద 770 కూడా అందకపోవచ్చు. రెండోది షాకబ్జార్బర్ల దిగుడు. ప్రకటించే ఎత్తు సాధారణంగా ఎవరూ ఎక్కని బండిది. మనిషి కూర్చుంటే వెనక స్ప్రింగులు కుంగి సీటు కొంత కిందికి వస్తుంది. అయితే బరువైనవాళ్ళు కూర్చుంటే బాగా కుంగే బండి 48 కిలోల పిల్ల కూర్చుంటే అంతగా కుంగదు. పొట్టిగా ఉండి తేలిగ్గా ఉన్నవాళ్ళకు ఇదొక చిన్న అన్యాయం. దానికి మందు కూడా బండిలోనే ఉంది. చాలా బండ్లకు వెనక స్ప్రింగుల కింద మెట్లుమెట్లుగా తిరిగే బిగింపు ఉంటుంది. మెకానిక్‌తో చెప్పి దాన్ని అన్నిటికన్నా మెత్తటి మెట్టుకు తెప్పించుకోవచ్చు. మూడోది పాదరక్ష. దళసరి అట్ట ఉన్న బూటు రెండు సెంటీమీటర్లు కలుపుతుంది, పైగా ఆయిలు మీద అంత తేలిగ్గా జారదు. ఆ రోజు బంకులో నా కాళ్ళకున్నవి అరిగిపోయిన చెప్పులు.

సీటు కిందికున్నంత మాత్రాన

"అయితే అన్నిటికన్నా సీటు తక్కువున్నది కొనేద్దాం అత్తా" అంది మా మేనకోడలు. అవెంజర్ ఎక్కి కూర్చుంది. రెండు అరికాళ్ళూ నేల మీద హాయిగా ఆనాయి. మొహం వెలిగిపోయింది. కాళ్ళు ఫుట్‌రెస్టుల మీద పెట్టమన్నాను. అవి ముందుకు చాచుకుని ఉన్నాయి. గేర్ రాడ్ దగ్గరికి పాదం పెట్టాలంటే సీటులోంచి ముందుకు జారాల్సి వచ్చింది. హ్యాండిల్ ఎడమకు పూర్తిగా తిప్పమన్నాను. కుడి చెయ్యి నిటారుగా సాగి, వేళ్ళు బ్రేకు మీదికి రాలేదు. యూ టర్న్ మధ్యలో ఇలా అయితే ఏం చెయ్యాలి?

ఇక్కడే చూడాల్సిన ఇంకో అంకె, రెండు చక్రాల మధ్య దూరం. స్ప్లెండర్‌కు అది 1,236 మిల్లీమీటర్లు, అవెంజర్ 220కి 1,490. ఈ దూరం పెరిగిన కొద్దీ బండి తిన్నటి రోడ్డు మీద నిలకడగా పోతుంది, ఇరుకు సందులో తిరగడానికి మాత్రం ఎక్కువ చోటు అడుగుతుంది. లైసెన్సు పరీక్షలో కాలు కింద పెట్టకుండా ఎనిమిది వెయ్యాల్సిన రోజున ఈ తేడా బాగా తెలుస్తుంది. హైవే ప్రయాణాలకు అవెంజర్ చక్కటి బండే. కానీ నేర్చుకునే మనిషి సగం టైము గడిపేది సందుల్లో, సిగ్నళ్ళ దగ్గర, పార్కింగుల్లో.

చేతుల సంగతి కూడా చూసుకోవాలి. చిన్న చేతులవాళ్ళకు క్లచ్ లీవర్ దూరమైతే పదో సిగ్నల్ దగ్గరికి మణికట్టు లాగేస్తుంది. అరగంట ట్రాఫిక్‌లో పట్టి వదలగలిగేంత మెత్తగా ఉందో లేదో టెస్ట్ రైడ్‌లోనే చూసుకోవాలి.

సీటు కోయించాలా?

సీటు కుట్టేవాళ్ళ దగ్గరికి వెళితే ఫోమ్ కోసి రెండు మూడు సెంటీమీటర్లు తగ్గిస్తారు. అన్నింటిలోకీ ప్రమాదం లేని మార్పు ఇదే. ముందు భాగంలో పక్కలు సన్నగా చెక్కితే ఎత్తు తగ్గించినదానికన్నా ఎక్కువ లాభం. మరీ కోస్తే కింద ప్లేటు తగిలి గంటసేపు కూర్చోలేరు.

బండినే కిందికి దించే సామాను కూడా దొరుకుతుంది. మొదటి బండికి నేనైతే వద్దంటాను. ఒక్క వెనక మాత్రమే దించితే ముందు భాగం లేచి మలుపుల్లో బండి తీరు మారిపోతుంది. సైడ్ స్టాండు పాత పొడవే ఉంటుంది కాబట్టి స్టాండు వేసిన బండి దాదాపు నిటారుగా నిలబడి, ఎవరి చెయ్యి తగిలినా అవతలికి పడుతుంది. ఇక మన వీధుల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లున్నాయి. ఇంజను అడుగు వాటికి గీసుకుంటుంది.

ఆగడమూ ఒక విద్యే

రెండు కాళ్ళూ ఆనితేనే బండి నడపగలమన్నది అపోహ. ఆగడానికి ఒక్క కాలు చాలు. ఆగే ముందే ఫస్ట్ గేరులోకి వచ్చి, హ్యాండిల్ తిన్నగా పెట్టి, నడుమును సీటు మీద ఎడమకు కొద్దిగా జరిపి ఎడమ కాలు దించాలి. కుడి కాలు వెనక బ్రేకు మీదే ఉండాలి. అలా జరిగితే అంగుళం దాకా కలిసివస్తుంది. ముందే ఫస్ట్ గేరులో ఉంటే, గేరు కోసం ఎడమ కాలు ఎత్తి కుడి కాలు దించే సర్కస్ తప్పుతుంది.

మన రోడ్లు నీళ్ళు పోవడానికి మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటాయి. మనం ఎడమ పక్కన వెళతాం కాబట్టి ఎడమ కాలి కింద నేల ఇంకాస్త లోతుకు ఉంటుంది. మరీ అంచుకు పోయి ఆపితే అందే కాలు కూడా అందదు. ఆగబోయే చోటును పది మీటర్ల ముందే చూసుకోవడం పొడుగువాళ్ళకు అవసరం లేని అలవాటు, మనకు తప్పనిది.

కొత్తవాళ్ళు ఎక్కువగా పడేది యూ టర్న్‌లో. హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు గట్టిగా నొక్కుతారు. చక్రం ఠక్కున ఆగి, బరువంతా మలుపు లోపలికి పడుతుంది. అక్కడ వాడాల్సింది వెనక బ్రేకు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. తడి రోడ్డు మీద చక్రం జామవకుండా అది కాపాడుతుంది. నడక వేగంతో తిరుగుతున్న బండిని మాత్రం మన నేర్పే కాపాడాలి.

పార్కింగులో ముందు చక్రాన్ని పల్లం వైపు పెట్టి దిగిపోకూడదు. బయటికి రావాలంటే బండిని ఎత్తుకు వెనక్కి లాగాలి. మునివేళ్ళ మీద అది జరిగే పని కాదు. దిగి, హ్యాండిల్ పట్టుకుని, తుంటిని సీటుకు ఆనించి నడిపించడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. డబుల్ స్టాండు వెయ్యడానికి కూడా బండిని ఎత్తనక్కర్లేదు. స్టాండు రెండు కాళ్ళూ నేలకు తగిలేలా చూసుకుని, స్టాండు మెట్టు మీద మన ఒంటి బరువంతా పెట్టి నిలబడితే బండి దానంతటదే ఎక్కుతుంది.

షోరూమ్‌లో చెయ్యాల్సింది

రోజూ వేసుకునే బూట్లతోనే వెళ్ళాలి. బండి ఎక్కి ఎడమ పాదం ముందు సగమైనా గట్టిగా ఆనుతోందా చూడాలి. దిగి పదడుగులు ముందుకు, పదడుగులు వెనక్కి నడిపించాలి. హ్యాండిల్ రెండు వైపులా చివరికంటా తిప్పి లీవర్లు అందుతున్నాయా చూడాలి. డబుల్ స్టాండు ఉంటే వేసి, తీయాలి. ఇవన్నీ ఎవరి సాయం లేకుండా చేయగలిగితేనే ధర మాట్లాడాలి. గేర్ లేని బండికి మాత్రమే తీసుకున్న లైసెన్సు గేర్ల బండికి చెల్లదు. వేరుగా ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని, ముప్పై రోజులు దాటాక పరీక్షకు వెళ్ళాలి. ఐఎస్‌ఐ గుర్తున్న హెల్మెట్ తల చుట్టుకొలతకు సరిపోయేది కొనాలి. తమ్ముడిది పెట్టుకుంటే వదులై గుండ్రంగా తిరుగుతుంది.

డబ్బుకు ఇబ్బందైతే మంచి కండిషన్‌లో ఉన్న సెకండ్‌హ్యాండ్ 100, 125 సీసీ బండి కొనడం తెలివైన పని. మొదటి బండి ఒకసారైనా పడుతుంది. లెగ్ గార్డు వేయిస్తే నేలకు పూర్తిగా అంటుకుపోదు, లేపడం సులువవుతుంది. పడిన బండిని ముందుకు వంగి లాగితే నడుము పడుతుంది. సీటుకు వీపు ఆనించి, గొంతుక్కూర్చుని, ఒక చేత్తో హ్యాండిల్, రెండో చేత్తో వెనక పట్టీ పట్టుకుని, కాళ్ళ బలంతో వెనక్కి అడుగులు వేస్తూ లేపాలి.

మా మేనకోడలు చివరికి 123 కిలోల రైడర్ తీసుకుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మీద ఆశ మాత్రం చావలేదు, రెండేళ్ళ తర్వాత చూస్తానంది. చూడనీ, ఆ పాటికి ఆగడం వచ్చేసి ఉంటుంది. కొన్న మూడో వారం రాత్రి ఫోన్ చేసింది. ఎక్కడికి వెళ్ళిందో, ఎంత స్పీడు పోయిందో చెబుతుందనుకున్నాను.

"అత్తా, ఇవాళ సెల్లార్‌లోంచి బండి నేనే వెనక్కి తీశాను. వాచ్‌మన్‌ని పిలవలేదు."