లాప్‌టాప్ వేడెక్కి స్లో అవుతోందా? లినక్స్‌లో పవర్ లిమిట్ సంగతి చూద్దాం

ఎండాకాలంలో ఫోన్‌లో గేమ్ ఆడుతుంటే కాసేపటికి స్క్రీన్ బ్రైట్‌నెస్ దానంతట అదే తగ్గిపోతుంది, గేమ్ ల్యాగ్ అవుతుంది. గమనించారు కదా? ఫోన్ పాడైందని కాదు, వేడి తగ్గించుకుంటోంది అన్నమాట. లాప్‌టాప్ కూడా ఇదే పని చేస్తుంది.

సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనుక్కుని, లినక్స్ వేసుకుని చదువుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆన్‌లైన్ కోడింగ్ టెస్ట్ మధ్యలో మెషీన్ నత్తనడక నడిస్తే ఎంత టెన్షనో తెలుసు. కొత్తది కొనిపెట్టమని ఇంట్లో అడిగే ముందు ఈ ఎపిసోడ్ పూర్తిగా చూడండి.

ప్రాసెసర్‌కి రెండు రకాల బ్రేకులు ఉంటాయి. ఒకటి వేడి బ్రేక్. చాలా ఇంటెల్ లాప్‌టాప్ చిప్‌లకు 100 డిగ్రీలు హద్దు. అక్కడికి చేరగానే స్పీడ్ తగ్గించేస్తుంది. రెండోది పవర్ బ్రేక్. ఇందులో మళ్లీ రెండు లిమిట్లు. పీఎల్1 అంటే ఎంతసేపైనా వాడుకోగల వాట్లు. పీఎల్2 అంటే కొద్దిసేపు మాత్రమే వాడుకోగల ఎక్కువ వాట్లు. ఉదాహరణకి ఐ5 8250యూ తీసుకోండి. ఇది 15 వాట్ల చిప్. బేస్ స్పీడ్ 1.6 గిగాహెర్ట్జ్, టర్బోలో 3.4 దాకా వెళ్తుంది. కానీ అన్ని కోర్లూ పని చేస్తుంటే ఆ టర్బోని 15 వాట్లలో నిలబెట్టుకోలేదు. అందుకే మొదట జోరుగా పరుగెత్తి, తర్వాత నెమ్మదిస్తుంది.

మరి మీ మెషీన్‌లో పడుతున్నది ఏ బ్రేక్? ఎల్ఎం సెన్సార్స్ ప్యాకేజీ వేసుకుని టెర్మినల్‌లో సెన్సార్స్ అని కొట్టండి, టెంపరేచర్ కనిపిస్తుంది. టర్బోస్టాట్ అయితే వాట్లు, స్పీడ్ కూడా చూపిస్తుంది. పెద్ద పని ఏదైనా నడిపిస్తూ చూడండి. టెంపరేచర్ 95 దాటి స్పీడ్ పడిపోతే అది వేడి బ్రేక్. 70 దగ్గరే ఉన్నా వాట్లు ఒకే అంకె దగ్గర ఆగిపోయి స్పీడ్ తగ్గితే అది పవర్ బ్రేక్.

వేడి బ్రేక్ అయితే ముందు సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకండి. ఫ్యాన్‌లో దుమ్ము తీయించండి, పాతదైతే థర్మల్ పేస్ట్ మార్పించండి. పరుపు మీద పెట్టి వాడటం మానేయండి, గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. గది 25 డిగ్రీల నుంచి 40కి వెళ్తే చిప్ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. మే నెలలో విజయవాడలో ఉండేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు!

ఇక సెట్టింగ్స్. స్పీడ్ పెరిగే కొద్దీ వోల్టేజ్ కూడా పెంచాలి. పవర్ ఏమో వోల్టేజ్ వర్గంతో పెరుగుతుంది. అంటే చివరి కొంచెం స్పీడ్ కోసమే బోలెడంత వేడి పుడుతుంది. అందుకని టీఎల్‌పీ టూల్‌లో గరిష్ఠ పెర్ఫార్మెన్స్‌ని 80 శాతానికి పెట్టి చూడండి. టర్బో పూర్తిగా ఆపేస్తే మాత్రం పైన చెప్పిన చిప్ 1.6 దగ్గరే ఆగిపోతుంది, చాలా స్లో అనిపిస్తుంది. పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్లు తాగడం మేలు అంటారే, అదే సూత్రం. టీఎల్‌పీ, పవర్ ప్రొఫైల్స్ డీమన్ రెండూ ఒకేసారి మాత్రం వద్దు, ఒకదాని సెట్టింగ్ ఇంకొకటి మార్చేస్తుంది.

వాట్ల లిమిట్‌ని నేరుగా తగ్గించాలంటే సిస్ ఫోల్డర్‌లోని పవర్‌క్యాప్‌లో మార్చొచ్చు. అక్కడ లెక్క మైక్రోవాట్లలో ఉంటుంది, 15 వాట్లంటే 1,50,00,000 అని రాయాలి. రీస్టార్ట్ చేస్తే పాత విలువ వచ్చేస్తుంది, కాబట్టి భయం లేదు. తగ్గించడం వరకు ఓకే, పెంచే ప్రయత్నం వద్దు. మీ కూలర్, ఛార్జర్ దానికి తగ్గట్టు తయారుచేసినవి కాకపోవచ్చు.

ఒక్కసారి ఒక్క సెట్టింగే మార్చండి, మార్చాక మళ్లీ కొలవండి. మీ లాప్‌టాప్‌లో ఏ బ్రేక్ పడుతోందో కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!