సెన్సర్ పెద్దదైతే చాలా?

చేతిలో ఉన్న కెమెరా చాలట్లేదనిపించగానే అందరి చూపూ ‘ఫుల్‌ఫ్రేమ్’ మీదకే పోతుంది. లక్షలు పెట్టే ముందు కాస్త లెక్క చూసుకుంటే... ఆ డబ్బు వెళ్లాల్సింది కెమెరాకి కాదు, లెన్స్‌కి అని తేలొచ్చు!

అర్ధరాత్రి దాటాక ముహూర్తం. మండపంలో వెలుగు అంతంతమాత్రం. జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం మళ్లీ రాదు. ఫ్లాష్ కొడితే మొహాలు పాలిపోతాయి, కొట్టకపోతే ఫొటో నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు. పెళ్లిళ్లు తీసే కుర్రాళ్లకి ‘అప్పు చేసైనా ఫుల్‌ఫ్రేమ్ కొనేద్దాం’ అనిపించేది ఇలాంటిచోటే. పిల్లల స్కూలు డాన్సులు తీసే నాన్నలకూ అదే మోజు.

ఇంతకీ ఏమిటీ ఫుల్‌ఫ్రేమ్? పాత రీలు కెమెరాల్లో ఒక్కో ఫొటో 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు ఉండేది. సినిమా ఫిల్ములో రెండు ఫ్రేములు పట్టే చోటన్నమాట. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ రూపొందించగా 1925లో మార్కెట్లోకొచ్చిన లైకా కెమెరాతో ఆ కొలత స్థిరపడిపోయింది. డిజిటల్ కెమెరాలో అంతే సైజు సెన్సర్ ఉంటే అది ఫుల్‌ఫ్రేమ్. అంత పెద్ద సిలికాన్ ముక్క చేయడం ఖరీదైన వ్యవహారం. అందుకే ఎక్కువ కెమెరాల్లో సుమారు 23.5×15.6 మి.మీ. ముక్కతో సరిపెట్టారు. అదే క్రాప్ సెన్సర్. దుకాణాల్లో ఏపీఎస్-సి అంటారు.

విస్తీర్ణంలో ఫుల్‌ఫ్రేమ్ రెండుంపావు రెట్లకి పైమాటే. కాబట్టి అంతమేరకు వెలుగూ ఎక్కువ పడుతుంది. రెండూ ఒకే తరం సెన్సర్లయితే, క్రాప్ కెమెరా ఐఎస్‌ఓ 3200 దగ్గర చూపించే చుక్కలు ఫుల్‌ఫ్రేమ్‌లో 6400 దాటాక గానీ కనిపించవు. లాభం నిజమే, కానీ అంతే!

మెలికంతా లెన్స్‌లో ఉంది. బడ్జెట్టంతా బాడీకే పోయిందనుకోండి, దానికి తగిలించేది ఏ ఎఫ్ 4 జూమో అవుతుంది. పాత క్రాప్ కెమెరాకి ఎఫ్ 1.8 ఉన్న 35 మి.మీ. లెన్స్ పెడితే? లెన్స్ నోరు పెద్దది కాబట్టి సెన్సర్ మీద పడే వెలుగు తీవ్రత దాదాపు అయిదు రెట్లవుతుంది. పెద్ద సెన్సర్ లాభం తీసేసినా చిన్న కెమెరాకే ఇంచుమించు రెట్టింపు వెలుగు మిగులుతుంది. ఖర్చు చూస్తే కొత్త బాడీలో కొద్ది భాగమే. షాపువాళ్లు మాత్రం ఈ లెక్క అడిగితేగానీ చెప్పరు.

ఇంకో చిక్కు... క్రాప్ కోసం చేసిన లెన్స్‌ని ఫుల్‌ఫ్రేమ్‌కి పెడితే బొమ్మ మూలలదాకా పరుచుకోదు. మధ్యభాగాన్నే వాడుకుంటే 24 మెగాపిక్సెళ్లు కాస్తా సుమారు పదికి పడిపోతాయి. అంటే బాడీతోపాటు లెన్సులన్నీ మార్చాలి. అదే ఫుల్‌ఫ్రేమ్ లెన్స్ అయితే ఆ కంపెనీ క్రాప్ బాడీకీ పనిచేస్తుంది, మౌంట్ ఒకటే అయితే చాలు. రేపెప్పుడో మారాలనుకునేవాళ్లు ముందు లెన్స్ కొనుక్కోవడమే తెలివైన పని.

గ్రూపు ఫొటోలో మరో తమాషా. వెనక వరసలో తాతయ్య మొహం కూడా స్పష్టంగా రావాలంటే ఫుల్‌ఫ్రేమ్‌లో ఎఫ్ 8 దాకా మూయాలి. క్రాప్‌లో 5.6 సరిపోతుంది. పెద్ద సెన్సర్ సంపాదించిన వెలుగంతా అక్కడే ఖర్చు!

నేలపట్టులో గూడబాతుల్ని తీసేవాళ్లకైతే చిన్న సెన్సరే వరం. క్రాప్ మీద 400 మి.మీ. లెన్స్ ఫుల్‌ఫ్రేమ్‌లో 600 మి.మీ. చూపినంత దగ్గరగా చూపిస్తుంది. ఆ 600 లెన్స్ ధరా, బరువూ తెలిసినవాళ్లకి ఈ మాట విలువ తెలుస్తుంది. ఇక, హాల్లో ఫ్రేము కట్టించుకునే ఫొటోకి ఏ సెన్సరైనా 24 మెగాపిక్సెళ్లు చాలు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 20×13 అంగుళాల ప్రింటు వస్తుంది.

మరి ఫుల్‌ఫ్రేమ్ ఎవరికి? రాత్రి పెళ్లిళ్లే బతుకుతెరువైనవాళ్లకి, ఎఫ్ 1.8, 2.8 లెన్సులు అప్పటికే చేతిలో ఉండి, ఇంకా వెలుగు చాలట్లేదనుకునేవాళ్లకి. వాళ్లకి ఆ ఒక్క మెట్టే ఫొటోకీ, చెత్తబుట్టకీ మధ్య తేడా. అలాంటివాళ్లు వెనకాడక్కర్లేదు.

ఎటూ తేల్చుకోలేకపోతే హైదరాబాద్‌లాంటి నగరాల్లో కెమెరాలు రోజు అద్దెకి దొరుకుతాయి. ఒక పెళ్లికి రెండూ పట్టుకెళ్లి, ఒకే చోట ఒకే ఫొటో తీసి, ఆల్బమ్ సైజులో ప్రింటు వేయించి చూసుకోవచ్చు. సెకండ్‌హ్యాండ్‌లో కొనాలనుకుంటే షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో కనుక్కోవాలి. సెన్సర్ మీద గీతలున్నాయేమో లెన్స్ తీసి చూడాలి. పదేళ్ల కిందటి ఫుల్‌ఫ్రేమ్ కన్నా కొత్త క్రాప్ కెమెరా ఫోకస్ విషయంలో చురుగ్గా ఉండొచ్చు, అదీ గమనించాలి.