అంబటి రాయుడు: ప్రతిభకూ, ఆగ్రహానికీ నడుమ

సాయంకాలం ఆత్మకూరులో ఏ ఖాళీ స్థలం వైపు చూచినా పిల్లలు క్రికెట్టు ఆడుతూ కనిపిస్తారు. కొంతసేపు ఆట, కొంతసేపు తగవు. రనౌట్ అయినదా, కాలేదా అన్న వాదం ముదిరి, బ్యాటు గలవాడు దానిని చంకన పెట్టుకొని ఇంటిదారి పట్టడంతో ఆట ముగియడం మనమందరం ఎరిగినదే. పెద్ద మైదానాలలో, పేరుమోసిన ఆటగాళ్ల జీవితాలలో సైతం ఇటువంటి ఘట్టాలు లేకపోలేదు. మన తెలుగువాడైన అంబటి రాయుడు క్రీడాజీవితం ఇందుకు ఉదాహరణ.

రాయుడు 1985 సెప్టెంబరు 23న గుంటూరులో జన్మించి, హైదరాబాదు జట్టులో పెరిగాడు. 2002లో ఇంగ్లండు పర్యటించిన భారత అండర్-19 జట్టులో అతడు ఇన్నింగ్స్ ప్రారంభించే బ్యాట్స్‌మన్. ఆ స్థానం కష్టమైనది. బంతి కొత్తది, బౌలరు అలసిపోనివాడు. ఏ బంతిని కొట్టాలో తెలియడం కంటే ఏ బంతిని విడిచిపెట్టాలో తెలియడం అక్కడ ముఖ్యం. టాంటన్‌లో ఆ కుర్రవాడు 177 పరుగులు చేసి, అవుట్ కాకుండా నిలిచి జట్టును గెలిపించాడు. ఆ తరువాతి రంజీ పోటీలలో ఆంధ్ర జట్టుపై ఒకే మ్యాచిలో 210, 159 నాటౌట్ సాధించాడు. అప్పటికి అతని వయస్సు 17 సంవత్సరాలు మాత్రమే. 2004 అండర్-19 ప్రపంచకప్పులో భారత జట్టుకు నాయకుడు కూడా అయ్యాడు.

ఇంతటి ప్రతిభాశాలి భారత జట్టులో తొలి వన్డే ఆడినది 2013లో! టాంటన్ నుండి హరారే చేరడానికి పదకొండేళ్లు పట్టింది. 2007లో అతడు ఇండియన్ క్రికెట్ లీగ్‌లో చేరాడు. ఆ సంస్థను భారత క్రికెట్ బోర్డు గుర్తించనందున, 2009లో క్షమాభిక్ష లభించేవరకు అధికారిక క్రికెట్ తలుపులు అతనికి మూసుకొనిపోయాయి.

2018 జనవరిలో కర్ణాటకతో జరిగిన ట్వంటీ20 మ్యాచిలో రాయుడు హైదరాబాదు నాయకుడు. బంతిని ఆపిన ఫీల్డరు పాదం బౌండరీ తాడును తాకినట్లు తరువాత తేలడంతో, కర్ణాటక స్కోరు 203ను అంపైర్లు 205గా సవరించారు. హైదరాబాదు సరిగ్గా 203 చేసి రెండు పరుగుల తేడాతో ఓడింది. ఇన్నింగ్స్ ముగిశాక స్కోరు మార్చడమేమని ప్రశ్నించడం తప్పు కాదు. కాని ప్రశ్న మైదానంలో వాగ్వాదంగా మారింది. బోర్డు అతనిపై రెండు మ్యాచిల నిషేధం విధించింది. కారణం సహేతుకమైనదే కావచ్చు. శిక్ష పడినది మాత్రం దానిని వెలిబుచ్చిన తీరుకు.

అదే సంవత్సరం ఐ.పి.ఎల్.లో చెన్నై జట్టుకు 602 పరుగులు చేసి, అతడు తిరిగి భారత జట్టులోనికి వచ్చాడు. నాలుగవ స్థానానికి తగినవాడని నాయకుడు విరాట్ కోహ్లీ బహిరంగంగా మెచ్చుకున్నాడు. 2019 ఫిబ్రవరి 3న వెల్లింగ్టన్‌లో 18 పరుగులకే నాలుగు వికెట్లు పడిన వేళ, రాయుడు 113 బంతులను ఓర్పుతో ఎదుర్కొని 90 పరుగులు చేసి జట్టును నిలబెట్టాడు. కోపిష్ఠియని పేరుపడినవానిలో ఎంతటి సహనం దాగియున్నదో ఆనాడు లోకం చూచింది.

అయినను ఏప్రిల్‌లో ప్రకటించిన ప్రపంచకప్పు జట్టులో అతని పేరు లేదు. గుంటూరువాడే అయిన ఎంపిక సంఘాధ్యక్షుడు ఎమ్మెస్కే ప్రసాద్, విజయ్ శంకర్‌లో మూడు కోణాల సామర్థ్యం ఉన్నదని వివరించాడు. మరునాడే రాయుడు, ప్రపంచకప్పు చూడటానికి త్రీడీ కళ్లద్దాలు తెప్పించుకుంటున్నానని ట్విట్టర్‌లో ఎత్తిపొడిచాడు. దేశం నవ్వింది. పోటీల నడుమ విజయ్ శంకర్ గాయపడగా, మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. నిరీక్షణ జాబితాలో ఉన్న రాయుడుకు పిలుపు రాలేదు. జూలై 3న అతడు క్రికెట్ నుండి విరమించుకుంటున్నట్లు ప్రకటించి, ఆగస్టులో తన నిర్ణయాన్ని వెనుకకు తీసుకున్నాడు. ఆ ఎత్తిపొడుపు వలననే అవకాశం పోయినదనడానికి ఆధారం లేదు. కాని 113 బంతులు వేచి ఉండగలిగినవాడు ఆ మాట అనడానికి ఒక్క రాత్రికి మించి వేచి ఉండలేకపోయాడు.

ఇంగ్లండు ఓపెనర్ క్రిస్ బ్రాడ్ కథ కూడా ఇక్కడ స్మరింపదగినది. 1986-87లో ఆస్ట్రేలియాపై వరుసగా మూడు టెస్టులలో శతకాలు చేసిన మేటి అతడు. 1987లో లాహోరులో అంపైరు అవుట్ ఇచ్చినా క్రీజు వదలలేదు. 1988లో సిడ్నీలో 139 పరుగులు చేసి అవుటై, కోపంతో స్టంపును బ్యాటుతో కొట్టి జరిమానా చెల్లించాడు. అట్టివాడే 2003 నుండి మ్యాచి రిఫరీగా ఇతరుల ప్రవర్తనకు తీర్పరి అయ్యాడు. 2020లో సొంత కుమారుడు స్టువర్ట్ బ్రాడ్‌కే జరిమానా విధించాడు. స్వభావం మారనిదని నిరాశపడేవారికి ఇది మంచి సమాధానం.

రాయుడు 55 వన్డేలలో 47కు పైగా సగటుతో 1694 పరుగులు, మూడు శతకాలు సాధించాడు. ఒక్క టెస్టైనా ఆడలేదు. అయితే 2023లో చెన్నై గెలుపుతో తన ఆరవ ఐ.పి.ఎల్. కప్పును అందుకొని గౌరవంగా వీడ్కోలు చెప్పాడు. కనుక అతనిది విఫల జీవితం కాదు. మరింత ఎత్తుకు చేరగలిగిన జీవితం.

విద్యార్థులారా! అన్యాయం జరిగినదని తోచినపుడు మౌనంగా భరించమని నేను చెప్పను. మార్కుల విషయంలోనైనా, జట్టు ఎంపికలోనైనా ప్రశ్నించే హక్కు మీకున్నది. కాని ఆ ప్రశ్నను మరునాడు, మర్యాదగా, వ్రాతపూర్వకంగా అడగండి. ఆఫ్ స్టంపు వెలుపల పోయే బంతిని విడిచిపెట్టడం నేర్చినవాడే మంచి ఓపెనర్. నోటివరకు వచ్చిన మాటను విడిచిపెట్టడం కూడా అటువంటి విద్యయే.